ఎర్రటి పీచ్ చప్పగా ఎందుకుంటుంది? డెజర్ట్ నీళ్లెందుకు వదులుతుంది?

క్లుప్తంగా

పీచ్ పండులో చక్కెర చేరేది అది చెట్టు మీద ఉన్నంత కాలమే. కోశాక పండు మెత్తబడుతుంది, వాసన పుంజుకుంటుంది, పులుపు తగ్గుతుంది, కానీ కొత్తగా తీపి రాదు. మాగని పండును ఫ్రిజ్‌లో పెడితే గుజ్జు పిండిపిండిగా మారే ప్రమాదం ఉంది. ఇంట్లో చేసే పండ్ల డెజర్ట్‌లు చాలావరకు చెడేది కొలతలు తప్పడం వల్ల కాదు, చేతిలో ఉన్న పండు ఏ దశలో ఉందో చూసుకోకపోవడం వల్ల. బాగా పండినది పచ్చిగా తినడానికి, దోరపండు ఓవెన్‌కి, మెత్తబడిపోయినది ఐస్‌క్రీమ్‌కి, పాలు లేకుండా పండు గుజ్జును గడ్డకట్టించి చేసే సార్బేకి సరిపోతాయి.

రెండు ఫిర్యాదులు, ఒకే మూలం

వేసవిలో పీచ్‌ల గురించి తరచూ వినిపించే మాటలు రెండు. చూడటానికి ఎర్రగా నోరూరించేలా ఉన్న పండు కొరికితే చప్పగా ఉందన్నది మొదటిది. వంట పుస్తకంలో చెప్పినట్టే చేసినా ‘పై’ (పిండి పొరల మధ్య పండు పెట్టి కాల్చే వంటకం) అడుగు తడిసి ముద్దయిందనీ, ఐస్‌క్రీమ్‌లో పండు ముక్కలు పంటికి దిగనంత గట్టిగా గడ్డకట్టాయనీ అనేది రెండోది. ఒకటి కొనుగోలు సమస్యలా, రెండోది వంట సమస్యలా కనిపిస్తుంది. రెండింటికీ మూలం మాత్రం ఒక్కటే. పండటం, మెత్తబడటం ఒకటే అన్న అపోహ. పీచ్‌లో ఈ రెండూ వేర్వేరు మార్పులు. వేర్వేరు సమయాల్లో, వేర్వేరు కారణాలతో జరుగుతాయి.

చెట్టు మీద ఏం జరుగుతుంది

పీచ్ కాయ ఎదుగుదల ఒకే వేగంతో సాగదు. పూత రాలాక కొన్ని వారాలపాటు కణాలు చకచకా విభజన చెంది కాయ పెరుగుతుంది. తర్వాత ఎదుగుదల ఆగిపోయినట్టు కనిపిస్తుంది. లోపల టెంక గట్టిపడుతున్న సమయమది. టెంక ముదిరాక, కోతకు ముందు చివరి 4 నుంచి 6 వారాల్లో, కాయ మళ్లీ వేగంగా ఊరుతుంది. చక్కెరలో ఎక్కువ భాగం చేరేది ఈ చివరి దశలోనే. అంటే ఒక వారం ముందుగా కోస్తే పోయేది కాస్త బరువు మాత్రమే కాదు, తీపిలో పెద్ద వాటా.

ఆకుల్లో తయారైన ఆహారం పీచ్ చెట్టులో సార్బిటాల్, సుక్రోజ్ రూపాల్లో కాయకు చేరుతుంది. పండిన పీచ్‌లో అన్నిటికంటే ఎక్కువగా ఉండే చక్కెర సుక్రోజ్. వంటింట్లో వాడే పంచదార కూడా ఇదే. అరటితో పీచ్‌కి ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. అరటికాయ తన ఆహారాన్ని పిండిపదార్థంగా దాచుకుంటుంది. కోసిన తర్వాత ఆ పిండిపదార్థమే చక్కెరగా మారుతుంది కాబట్టి పచ్చి గెల ఇంట్లోనే మాగి తియ్యనవుతుంది. మామిడిలోనూ కొంతవరకు ఇదే జరుగుతుంది. కోత నాటికి పీచ్‌లో అలా మారడానికి పిండిపదార్థం దాదాపుగా ఉండదు. తొడిమ తెగిందంటే చక్కెర రాక ఆగిపోయినట్టే.

ఎంత చక్కెర చేరుతుందన్నది చెట్టు మీద ఎన్ని కాయలున్నాయి, వాటికి ఎంత ఎండ తగిలింది, చివరి వారాల్లో ఎంత నీరు అందింది అనే విషయాలను బట్టి ఉంటుంది. అందుకే శ్రద్ధగల రైతులు కాయలు చిన్నగా ఉన్నప్పుడే చాలావాటిని తీసేసి, కొమ్మ మీద 15 నుంచి 20 సెంటీమీటర్లకు ఒక్క కాయను ఉంచుతారు. కాయలు తగ్గితే ఒక్కోదాని వాటాకు వచ్చే ఆకులు పెరుగుతాయి. దట్టమైన కొమ్మల నీడలో పెరిగిన కాయ, అదే చెట్టు పైభాగంలో ఎండ తగిలిన కాయ కంటే చప్పగా ఉండటానికి కారణం ఇదే. కోతకు ముందు భారీ వర్షం పడినా, నీరు ఎక్కువగా పెట్టినా కాయ ఉబ్బుతుంది కానీ రుచి పలచబడుతుంది.

ఎరుపు చెప్పేదేంటి, చెప్పనిదేంటి

పీచ్ చెంప మీది ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగు పదార్థాల వల్ల వస్తుంది. అది ఎండను బట్టి, రకాన్ని బట్టి ఏర్పడుతుంది. కొత్త రకాల్లో చాలావాటిని ముందుగానే, ఎక్కువగా ఎర్రబడేలా అభివృద్ధి చేశారు. అవి కోతకు చాలా ముందే ఎర్రగా కనిపిస్తాయి. కాబట్టి ఎరుపు పండినదనానికి గుర్తు కాదు.

నమ్మదగిన గుర్తు ఎరుపు లేని చోట ఉండే అడుగు రంగు. తొడిమ దగ్గర గుంట చుట్టూ చూస్తే అది తెలుస్తుంది. పసుపు గుజ్జు రకాల్లో అక్కడ ఆకుపచ్చ పూర్తిగా పోయి పసుపు రావాలి. తెల్ల గుజ్జు రకాల్లో మీగడ రంగు రావాలి. ఆకుపచ్చ ఛాయ మిగిలి ఉంటే ఆ కాయను ముందుగా కోశారని అర్థం. అది ఇంట్లో మెత్తబడవచ్చు, కానీ రుచి రాదు. వాసన రెండో గుర్తు. గది వేడిమిలో ఉన్న పండు ముక్కు దగ్గర పెట్టుకున్నా వాసన లేదంటే ఇంకా మాగలేదని, లేదా ఎప్పటికీ సరిగా మాగదని అనుకోవచ్చు. బొటనవేలితో నొక్కి చూడటం మాత్రం మంచి అలవాటు కాదు. నొక్కిన చోట కణాలు చితికి, కొన్ని గంటల్లో మచ్చ పడుతుంది. ఆ పండు ఇంకొకరి చేతికి వెళ్తుంది.

మరి పండక ముందే ఎందుకు కోస్తారు? పూర్తిగా పండిన పీచ్ తన బరువుకే నలిగేంత సున్నితం. పెట్టెల్లో సర్దడం, లారీ కుదుపులు, రోజుల తరబడి నిల్వ దానికి పడవు. దూరాలకు పంపే వ్యాపారం పెరిగిన కొద్దీ గట్టిగా ఉండే రకాలకే విలువ పెరిగింది. 1870ల్లో అమెరికాలోని జార్జియాలో శామ్యూల్ రంఫ్ అభివృద్ధి చేసిన ఎల్బర్టా రకం అంతగా పేరు తెచ్చుకోవడానికి పెద్ద కారణం అది రైలు ప్రయాణాన్ని తట్టుకోవడమే. రుచి, రవాణా రెండూ కావాలన్న ఒత్తిడి అప్పటి నుంచి ఇప్పటి వరకు ఈ పంటను వదల్లేదు.

కోసిన తర్వాతి మార్పులు

ముదిరిన దశలో కోసిన పీచ్, చెట్టు నుంచి విడిపోయాక కూడా మాగుతుంది. అది ఎథిలీన్ వాయువును తనే విడుదల చేస్తుంది, ఆ వాయువు మాగడాన్ని ఇంకా వేగవంతం చేస్తుంది. కణాల గోడల్ని కలిపి ఉంచే పెక్టిన్‌ను ఎంజైమ్‌లు ముక్కలు చేస్తాయి, గుజ్జు మెత్తబడి రసం ఊరుతుంది. మాలిక్, సిట్రిక్ ఆమ్లాలు తగ్గుతాయి. చక్కెర పెరగకపోయినా పులుపు తగ్గడం వల్ల నాలుకకు తియ్యదనం పెరిగినట్టే అనిపిస్తుంది. ‘ఇంట్లో పెడితే తియ్యనైంది’ అనే మాటలో నిజం ఇంతవరకే.

వాసనలో వచ్చే మార్పు ఇంకా ఆసక్తికరం. పచ్చి పీచ్‌లో గడ్డి వాసన ఇచ్చే హెక్సనాల్ వంటి పదార్థాలు ముందుంటాయి. పండే కొద్దీ అవి తగ్గి, గామా డెకాలాక్టోన్ వంటి లాక్టోన్‌లు పెరుగుతాయి. పీచ్ అనగానే గుర్తొచ్చే వాసన ప్రధానంగా వీటిదే. లాక్టోన్‌లకు కొవ్వులో కరిగే గుణం ఉంది. పాల కొవ్వులోనూ సహజంగా డెల్టా డెకాలాక్టోన్ ఉంటుంది. పీచ్, క్రీమ్ జంట అంత చక్కగా కుదరడానికి అలవాటుతో పాటు ఈ రసాయన సామ్యం కూడా కారణం.

మాగబెట్టడానికి 18 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ వేడిమి అనుకూలం. పండ్లను ఒకదానిపై ఒకటి పేర్చకుండా, తొడిమ వైపు కిందికి ఉండేలా పరిస్తే నలగవు. కాగితం సంచిలో పెడితే ఎథిలీన్ లోపలే ఉండి పని త్వరగా అవుతుంది. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ చేరి బూజు పడుతుంది.

ఫ్రిజ్ ఎప్పుడు శత్రువు

ఎక్కువ నష్టం జరిగేది, తక్కువమందికి తెలిసినది ఈ దశలోనే. పీచ్‌కు అన్నిటికంటే చెడ్డ నిల్వ వేడిమి సుమారు 2 నుంచి 8 డిగ్రీల మధ్య. సున్నా డిగ్రీల దగ్గర పండు ఇంతకంటే బాగా నిలుస్తుంది. 20 డిగ్రీల దగ్గర మాగుతుంది. ఈ రెండింటి నడుమ ఉండే వేడిమిలో రోజుల తరబడి ఉంటేనే పాడవుతుంది. ఇంటి ఫ్రిజ్ సాధారణంగా ఉండేది 4 డిగ్రీల దగ్గర, సరిగ్గా ఆ ప్రమాద పరిధి మధ్యలో.

లోపల జరిగేది ఇది. మాగేటప్పుడు పెక్టిన్ మీద రెండు రకాల ఎంజైమ్‌లు వరుసగా పనిచేయాలి. ఒకటి పెక్టిన్ నుంచి మిథైల్ సమూహాలను తొలగిస్తుంది. రెండోది, పాలీగలక్టురోనేజ్, ఆ పొడవాటి గొలుసును ముక్కలు చేస్తుంది. చల్లదనంలో మొదటిది పని సాగిస్తుంది, రెండోది బాగా మందగిస్తుంది. ముక్కలు కాని పెక్టిన్ జెల్‌లా మారి పండులోని నీటిని పట్టేసుకుంటుంది. రసం ఎక్కడికీ పోదు, కానీ నోటికి అందదు. తడి దూదిని నమిలినట్టు ఉండే ఆ పండులో నీటి శాతం మామూలు పండుతో దాదాపు సమానమే.

ఈ లోపం చల్లగా ఉన్నంతసేపు బయటపడదు. పండు గది వేడిమికి వచ్చి మాగడం మొదలుపెట్టాకే తెలుస్తుంది. అందుకే కొన్నప్పుడు గట్టిగా, ఆరోగ్యంగా కనిపించిన పండు మూడు రోజుల తర్వాత నిరాశపరుస్తుంది. తప్పు చాలాసార్లు నిల్వ గదుల్లోనో రవాణాలోనో జరిగి ఉంటుంది. దీన్ని తగ్గించడానికి కొన్నిచోట్ల కోసిన వెంటనే పండ్లను 20 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులు ఉంచి, మాగడం మొదలయ్యాక చల్లబరుస్తున్నారు. ఇంట్లో పాటించాల్సిన పద్ధతి కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది: ముందు బయట మాగనివ్వాలి, ఆ తర్వాతే ఫ్రిజ్. పూర్తిగా మాగిన పండు ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు నిక్షేపంగా ఉంటుంది. తినడానికి అరగంట ముందు బయట పెడితే వాసన తిరిగి తెలుస్తుంది.

రకాన్ని బట్టి పని

పీచ్ పుట్టిల్లు చైనా. అక్కడి జెజియాంగ్ ప్రాంతంలో దాదాపు 8,000 ఏళ్ల నాటి పీచ్ టెంకలు దొరికాయి. పర్షియా మీదుగా యూరప్ చేరడం వల్ల శాస్త్రీయ నామంలో పెర్సికా చేరింది. ఇన్ని వేల ఏళ్ల ఎంపికలో వచ్చిన తేడాల్లో వంటకు నిజంగా పనికొచ్చేవి కొన్నే.

టెంక గుజ్జును వదిలే రకాలు, వదలని రకాలు అనేది మొదటి తేడా. వదిలేవాటిని నిలువుగా కోసి, రెండు చేతులతో మెలిపెడితే విడిపోతాయి. టార్ట్ (పైన మూత లేని పై) మీద ముక్కలు అందంగా పేర్చాలంటే ఇవే కావాలి. టెంకను పట్టుకుని ఉండే కొన్ని రకాల గుజ్జు పండినా కరిగిపోకుండా బిగువుగా ఉంటుంది. డబ్బాల్లో వచ్చే పీచ్ ముక్కలు ఆకారం చెడకుండా ఉండటానికి కారణం ఈ గుణమే. ఇలాంటి రకాలను డబ్బాల కోసమే పెంచి, బాగా పండాక కోస్తారు. సీజన్ కాని రోజుల్లో కాబ్లర్ (పండు ముక్కల మీద పిండి ముద్దలు పెట్టి కాల్చే వంటకం) చేయాలనుకుంటే, దూరం నుంచి వచ్చిన పచ్చి పీచ్ కంటే డబ్బా పీచ్ మేలు అనడంలో సందేహం అక్కర్లేదు.

రెండో తేడా గుజ్జు రంగు. పసుపు రంగు కెరోటినాయిడ్‌లు అనే రంగు పదార్థాలది. తెల్ల రకాల్లో ఒక ఎంజైమ్ వాటిని విరగ్గొడుతుంది కాబట్టి రంగు మిగలదు. ఆ రంగు తేడా కంటే వంటలో ముఖ్యమైనది పులుపు. మార్కెట్లో దొరికే తెల్ల రకాల్లో చాలావాటికి పులుపు తక్కువ, పూల వాసన ఎక్కువ. పచ్చిగా తింటే హాయిగా ఉంటాయి. ఓవెన్‌లో పెడితే ఆ సున్నితమైన వాసన చాలావరకు పోయి, వట్టి తీపి మిగులుతుంది. పసుపు రకాల్లోని పులుపు వేడిని తట్టుకుని పంచదారకు ఎదురు నిలుస్తుంది.

నెక్టరిన్ వేరే పండు అని, పీచ్‌కు ప్లమ్‌కు పుట్టిన సంకరమని చాలామంది అనుకుంటారు. అది నూగు లేని పీచ్, అంతే. ఒక్క జన్యువులో తేడా. తొక్క తీయాల్సిన పని లేకపోవడం వంటలో దాని గొప్ప సౌలభ్యం.

పచ్చిగా తినే డెజర్ట్‌లు

బాగా పండిన పీచ్ దొరికితే దాన్ని వండకపోవడమే దానికిచ్చే మర్యాద. ముక్కలు కోసి క్రీమ్, పెరుగు లేదా ఐస్‌క్రీమ్‌తో వడ్డిస్తే చాలు. ముక్కలు గోధుమ రంగుకు తిరగడం ఒక్కటే చిక్కు. కోసిన చోట పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఈ రంగు తెస్తుంది. నిమ్మరసం రెండు విధాల అడ్డుపడుతుంది. దాని పులుపు ఎంజైమ్‌ను మందగింపజేస్తుంది, విటమిన్ సి రంగు ఏర్పడక ముందే ఆ మార్పును వెనక్కి తిప్పుతుంది. తెల్ల రకాలు తక్కువ పుల్లన కాబట్టి నిమ్మరసం వాటి రుచికి కూడా అవసరమే.

1890ల్లో లండన్ సావోయ్ హోటల్‌లో ఫ్రెంచ్ షెఫ్ అగస్ట్ ఎస్కోఫియే గాయని నెల్లీ మెల్బా కోసం చేసిన పీచ్ మెల్బాను గమనిస్తే ఈ సూత్రాలన్నీ ఒకే గిన్నెలో కనిపిస్తాయి. వనిల్లా ఐస్‌క్రీమ్‌లోని కొవ్వు లాక్టోన్‌ల వాసనను పట్టి ఉంచుతుంది. తర్వాతి కాలంలో దానికి చేర్చిన రాస్ప్‌బెర్రీ సాస్ పీచ్‌లో లేని పులుపును తెస్తుంది. వంద ఏళ్లు దాటినా దానికి చేర్చాల్సినది, తీసేయాల్సినది ఏమీ కనిపించదు.

పాలతో జాగ్రత్త అవసరం. పులుపును కొలిచే పీహెచ్ అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ. పీహెచ్ 4.6 దగ్గరకు వస్తే పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ విరిగిపోతుంది. పసుపు పీచ్‌ల పులుపు సాధారణంగా అంతకంటే ఎక్కువే, అంటే పీహెచ్ ఇంకా తక్కువ. వేడి కస్టర్డ్‌లో పండు గుజ్జు కలిపితే విరగడానికి కారణం అదే. రెండూ చల్లారాక కలపాలి, లేదా పాలకు బదులు కొవ్వు ఎక్కువున్న క్రీమ్ వాడాలి.

తొక్క తీయాలంటే పండు అడుగున చిన్న గాటు పెట్టి, మరిగే నీళ్లలో 30 నుంచి 60 సెకన్లు ఉంచి ఐసు నీళ్లలో వేస్తారు. తొక్క కింది పొరలోని పెక్టిన్ వదులై తొక్క జారి వస్తుంది. పండని కాయకు ఇది పనిచేయదు. నిమిషం దాటినా తొక్క రావడం లేదంటే ఆ పండు ఇంకా మాగలేదని తేలినట్టే. దాన్ని ఇంకా ఉడకబెట్టడం వల్ల పైపొర ముద్దవడం తప్ప లాభం లేదు.

ఓవెన్‌లో పోరాటమంతా నీటితోనే

పీచ్‌లో దాదాపు 89 శాతం నీరే. కిలో ముక్కలు వేసిన పై అంటే, మూత కింద 890 గ్రాముల నీరు ఉన్నట్టు. వేడికి కణాల గోడలు కూలి ఆ నీరు బయటికొస్తుంది. పై మూతకు చిన్న గాట్లే ఉంటాయి, ఆవిరి త్వరగా పోలేదు. అడుగు పొర గట్టిపడే లోపే రసంలో తడుస్తుంది. కాబ్లర్, క్రిస్ప్, క్రంబుల్ వంటివి అందుకే తేలిక. వాటికి అడుగు పొర ఉండదు. పైన పిండి ముద్దలో, వెన్న కలిపిన పొడిపిండో అక్కడక్కడా ఉంటుంది కాబట్టి ఆవిరికి దారి దొరుకుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారు పై జోలికి పోకుండా వీటితో మొదలుపెట్టడం తెలివైన పని.

పై చేయాల్సిందే అనుకుంటే నీటిని ముందే బయటికి రప్పించడం మంచి పద్ధతి. కిలో ముక్కలకు సుమారు 100 గ్రాముల పంచదార కలిపి గంటసేపు వదిలేస్తే, ద్రవాభిసరణ వల్ల రసం గిన్నెలోకి ఊరుతుంది. దాన్ని వడకట్టి, విడిగా మరిగించి, పాకంలా దగ్గరపడ్డాక తిరిగి ముక్కలకు కలపాలి. రసం రుచి పోదు, నీరు మాత్రమే తగ్గుతుంది. ముక్కలు ఎక్కువసేపు ఉడికి ముద్దయ్యే ప్రమాదమూ తప్పుతుంది.

చిక్కదనం కోసం వాడే పిండి విషయంలో జరిగే పొరపాటు సాధారణంగా దాని పరిమాణంలో ఉండదు, వేడిలో ఉంటుంది. కార్న్‌ఫ్లోర్ రేణువులు 62 నుంచి 72 డిగ్రీల మధ్య ఉబ్బడం మొదలుపెడతాయి. పూర్తి చిక్కదనం రావాలంటే దాదాపు 95 డిగ్రీలకు చేరాలి. పై అంచు ఎర్రబడగానే బయటికి తీస్తే మధ్యలో పిండి ఇంకా పని మొదలుపెట్టి ఉండదు. అంచుల్లో వచ్చే బుడగలను చూసి సరిపెట్టుకోకూడదు. మధ్య గాట్లలోంచి కూడా చిక్కటి బుడగలు నెమ్మదిగా రావాలి. అంచు ముందే రంగు తిరుగుతుంటే దాన్ని రేకుతో కప్పి ఇంకాసేపు ఉంచవచ్చు. బయటికి తీశాక మూడు నాలుగు గంటలు చల్లారనివ్వకపోతే ఎంత సరిగా కాల్చినా కోసినప్పుడు రసం పారుతుంది, ఎందుకంటే పిండి జెల్ గట్టిపడేది చల్లారేటప్పుడే.

కిలో పండ్లకు 25 నుంచి 30 గ్రాముల కార్న్‌ఫ్లోర్ సాధారణంగా సరిపోతుంది. రసం బాగా ఉన్న పండ్లకు కాస్త ఎక్కువ, దోరపండ్లకు తక్కువ. మైదా వాడితే రసం మసకగా మారి, కాస్త పిండి రుచి తగులుతుంది. టపియోకా పిండి తేటగా ఉంటుంది, ఫ్రీజర్‌లో పెట్టినా నీరు వదలదు. కార్న్‌ఫ్లోర్‌తో చేసినది గడ్డకట్టించి కరిగిస్తే నీరు విడిపోతుంది. కాబట్టి ముందుగా చేసి ఫ్రీజర్‌లో దాచుకునే పైలకు టపియోకా నప్పుతుంది.

ఓవెన్‌కి అన్నిటికంటే అనువైనది దోరపండు. వాసన మొదలై, నొక్కితే ఇంకా కాస్త బిగువుండే దశ. అందులో పులుపు మిగిలి ఉంటుంది, పెక్టిన్ ఇంకా కొంత గట్టిగా ఉంటుంది కాబట్టి ముక్క ఆకారం నిలుస్తుంది. లాక్టోన్‌లు సులువుగా ఆవిరి కావు కనుక పీచ్ వాసన కాల్చినా మిగులుతుంది. చప్పటి పండ్లు దొరికినప్పుడు కూడా ఓవెన్ కొంత ఆదుకుంటుంది. సగానికి కోసి, పైకి తెరిచి ఉంచి కాలిస్తే నీరు ఆవిరై ఉన్న చక్కెర చిక్కబడుతుంది, అంచుల్లో చక్కెర మాడి కొత్త రుచులు పుడతాయి. పిండిపిండిగా మారిన గుజ్జు మాత్రం కాల్చినా రసభరితం కాదు. దాన్ని మిక్సీలో వేసి సాస్‌గానో, జామ్‌గానో వాడుకోవడం ఒక్కటే దారి.

చల్లటి డెజర్ట్‌లు: గడ్డకట్టడం వెనుక లెక్క

ఐస్‌క్రీమ్‌లో వండని పీచ్ ముక్కలు వేస్తే గట్టిగా తయారవడానికి కారణం వాటిలో నీరు ఎక్కువ, చక్కెర తక్కువ. చుట్టూ ఉన్న ఐస్‌క్రీమ్‌లో చక్కెర, కొవ్వు ఎక్కువ కాబట్టి అది మెత్తగానే ఉంటుంది. చక్కెర కరిగిన నీరు సున్నా కంటే తక్కువ వేడిమిలో గానీ గడ్డకట్టదు. ముక్కలను ముందుగా పంచదార పాకంలో ఊరబెట్టడమో, పంచదార చల్లి కాల్చడమో చేస్తే ఈ తేడా తగ్గుతుంది.

సార్బేలో ఇదే లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మొత్తం మిశ్రమంలో చక్కెర 25 నుంచి 30 శాతం ఉంటే చెంచా దిగే మెత్తదనం వస్తుంది. పండు గుజ్జులో 10 శాతం చక్కెర ఉందనుకుంటే, కిలో గుజ్జుకు 200 గ్రాముల పంచదార కలిపితే 25 శాతం అవుతుంది. అంతకంటే తియ్యటి పండైతే కాస్త తగ్గించవచ్చు. ‘ఆరోగ్యం కోసం’ పంచదార సగానికి తగ్గిస్తే వచ్చేది ఐసు గడ్డ. అలా కావాలనుకుంటే దాన్ని ఫోర్క్‌తో గీరుతూ గ్రానీటాగా చేసుకోవడం నయం. దానికి తక్కువ చక్కెరే సరిపోతుంది.

గడ్డకట్టించే ముందు రుచి చూస్తే మిశ్రమం మరీ తియ్యగా అనిపించాలి. నాలుక మీద తీపిని గ్రహించే యంత్రాంగం చల్లదనంలో మందగిస్తుంది. గది వేడిమిలో సరిగ్గా ఉన్న తీపి, గడ్డకట్టాక చప్పబడుతుంది. నిమ్మరసం కూడా ఒక చెంచా ఎక్కువే వేయాలి, లేకపోతే ఆ అదనపు తీపి మొహం మొత్తుతుంది. తొక్కలను పారేయకుండా పాకంలో కాసేపు మరిగించి వడకడితే, వాటిలోని ఎర్రటి రంగు దిగి సార్బేకి గులాబీ ఛాయ వస్తుంది. నిమ్మరసం తగిలితే ఆ రంగు ఇంకా ప్రకాశిస్తుంది.

జెల్లీల విషయంలో పీచ్ చాలా సాధువు. పచ్చి అనాస, కివి, బొప్పాయిల్లో ప్రొటీన్లను ముక్కలు చేసే ఎంజైమ్‌లుంటాయి, అందువల్ల వాటితో జెలటిన్ జెల్లీ గట్టిపడదు. పీచ్‌తో ఆ టెన్షన్ లేదు. మాంసాహార పదార్థం కాబట్టి జెలటిన్ వద్దనుకునేవారు అగర్ అగర్ వాడవచ్చు. దాన్ని ముందు నీళ్లలో మరిగించి పూర్తిగా కరిగించాకే పండు గుజ్జు కలపాలి. పుల్లటి రసంలో ఎక్కువసేపు మరిగిస్తే దాని పట్టు తగ్గుతుంది.

తోటి వేసవి పండ్లు

పీచ్‌తో కలిపి వాడే పండ్లన్నీ ఒకేలా ప్రవర్తించవు. ప్లమ్, ఆప్రికాట్ కోశాక కూడా మాగుతాయి. చెర్రీ, స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ కోసిన రోజు ఎలా ఉంటే అలాగే ఉంటాయి, ఆ తర్వాత పాడవడం మాత్రమే మిగులుతుంది. కాబట్టి బెర్రీలను కొన్న రోజే, పీచ్‌లను రెండు మూడు రోజులు ఆగి వాడేలా వంట అనుకుంటే రెండూ ఒకేసారి మంచి దశలో ఉంటాయి. బెర్రీలు పులుపునూ రంగునూ తెస్తాయి. పుల్లటి ప్లమ్‌లు పెక్టిన్ కూడా తెస్తాయి కాబట్టి పీచ్ జామ్‌లో కొన్ని కలిపితే త్వరగా కుదురుకుంటుంది. ఒక్క పీచ్‌తోనే జామ్ చేస్తే, పండే కొద్దీ పెక్టిన్ తగ్గిపోతుంది కనుక నిమ్మరసం తప్పనిసరి. 104, 105 డిగ్రీల దగ్గర, చక్కెర 65 శాతానికి చేరినప్పుడు జామ్ కుదురుతుంది.

చలి తగ్గితే పంట తగ్గుతుంది

పీచ్ దొరకడం, దొరకకపోవడం చలికాలంతో ముడిపడి ఉంది. ఆకు రాల్చి నిద్రపోయిన చెట్టు సమంగా పూయాలంటే 7.2 డిగ్రీల లోపు చలిలో కొన్ని వందల గంటలు గడవాలి. చాలా పేరున్న రకాలకు 600 నుంచి 1,000 గంటలు కావాలి. వెచ్చని ప్రాంతాల కోసం అభివృద్ధి చేసిన రకాలకు 150 నుంచి 300 గంటలు చాలు. చలికాలం వెచ్చగా గడిచి చెట్టు తొందరపడి పూస్తే, ఆ తర్వాత వచ్చే మంచు పూతను చంపేస్తుంది. 2023లో జార్జియాలో ఇలాగే పంటలో 90 శాతానికి పైగా పోయింది. చలికాలాలు వెచ్చబడే కొద్దీ తక్కువ చలితో కాసే రకాల వైపు తోటలు మళ్లడం సహజం. అవి ముందుగా కోతకు వస్తాయి. ముందుగా పండే రకాల్లో కాయ ఎదిగే కాలం తక్కువ, టెంక కూడా గుజ్జును సరిగా వదలదు. సీజన్ మొదటి వారాల్లో వచ్చే పండ్ల కంటే నడి వేసవి పండ్లు రుచిగా ఉండటానికి ఇదో కారణం.

దాచుకోవడంలో రెండు హెచ్చరికలు

ఇంట్లో సీసాల్లో పీచ్‌లు నిల్వ చేసేవారు పసుపు, తెల్ల రకాల తేడాను తేలిగ్గా తీసుకోకూడదు. బోటులిజం అనే ప్రమాదకరమైన ఆహార విషబాధను కలిగించే బ్యాక్టీరియా పీహెచ్ 4.6 కంటే ఎక్కువున్న చోట పెరగగలదు. తెల్ల రకాల్లో కొన్ని ఆ గీత దాటతాయి. మరిగే నీళ్లలో సీసాలు ఉంచే మామూలు పద్ధతి అలాంటివాటికి సురక్షితం కాదు. అందుకే తెల్ల పీచ్‌లను సీసాల్లో పెట్టకుండా ఫ్రీజర్‌లో దాచాలన్నది ఆహార నిల్వ నిపుణుల సూచన.

రెండోది టెంకలోని పప్పు. బాదం సువాసన కోసం దాన్ని పాలలో నానబెట్టే పద్ధతులు కొన్ని వంట పుస్తకాల్లో కనిపిస్తాయి. ఆ పప్పులో అమిగ్డాలిన్ ఉంటుంది, నలిగినప్పుడు దాని నుంచి సైనైడ్ విడుదలవుతుంది. పొరపాటున టెంక మింగితే అది పగలకుండానే బయటికి పోతుంది కాబట్టి ఆ విషం భయం లేదు. పప్పును పగలగొట్టి వంటలో వాడటం మాత్రం, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో, మానుకోవాలి. బాదం ఎసెన్స్ ఒకటి రెండు చుక్కలు అదే పని చేస్తాయి.

ఫ్రీజర్‌లో దాచడం అన్నిటికంటే తేలిక. మాగిన పండ్ల తొక్క తీసి, ముక్కలకు నిమ్మరసం, కాస్త పంచదార పట్టించి, పళ్లెంలో విడివిడిగా పరచి గడ్డకట్టించాలి. గట్టిపడ్డాక గాలి లేకుండా సంచిలో మూసేయాలి. మంచు పలుకులు కణాల గోడల్ని చీల్చేస్తాయి కాబట్టి కరిగాక ముక్కలు బిగువుగా ఉండవు. పచ్చిగా తినడానికి అవి పనికిరావు. క్రిస్ప్‌కి, కాబ్లర్‌కి వాడేటప్పుడు పూర్తిగా కరిగించి, వదిలిన రసాన్ని వేరుగా మరిగించి దగ్గరపడ్డాక కలపాలి. సార్బేకైతే కరిగించే పనే లేదు. గడ్డకట్టిన ముక్కలనే పంచదార పాకంతో మిక్సీలో వేస్తే వెంటనే తయారవుతుంది.